బల్ల కింద బాతు

“బాతు ఎక్కడుంది తల్లీ?”

రమ్యశ్రీ నోరు విప్పలేదు. నాలుగేళ్లొచ్చినా ‘అమ్మ’ తప్ప ఇంకో మాట రాని పిల్ల.

మాటలు నేర్పే ప్రిస్కిల్లా మేడం ప్లాస్టిక్ బాతును కుర్చీ మీద పెట్టింది. కింద పెట్టింది. డబ్బా లోపల దాచింది. పిల్ల చూసి నవ్వింది, అంతే.

“కాసేపు వరండాలో ఆడించండమ్మా, మళ్లీ పిలుస్తాను” అని బాతు చేతికిచ్చింది మేడం.

పిల్ల తల్లి వీరవేణికి కాలు ఒకచోట నిలవడం లేదు. అసలే బస్సుల బాధ. బోర్డు చదవడం రాదాయె, రాజమండ్రి బస్టాండులో మైకు చెప్పింది వినే ఎక్కేది. ఈమధ్య ఆ గొంతు వినబడడం మానేసింది. పోయిన వారం వేరే బస్సెక్కి ఎక్కడో తేలింది. చీకటి పడ్డాక ఇల్లు చేరి, మొగుడు బుల్లియ్య చేత నానా మాటలూ పడింది.

ఫోన్ మోగింది. బుల్లియ్యే.

“ఏమే, మాటొచ్చిందా?”

“వత్తాదయ్యా. మేడం గారు చూత్తన్నారు.”

“ఇయ్యాల్టికి చూడు. రాకపోతే ఇంక ఎల్లక్కర్లేదు.”

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది వీరవేణి.

వరండా బల్ల మీద ఎవరో పెద్దాయన రమ్యశ్రీ మొహంలోకి వంగి ఉన్నాడు.

“కిం... కిం...” అంటూ ఓ పక్కకి వంకరగా నవ్వుతున్నాడు. పిల్ల నోరు తెరుచుకుని ఆయన మూతి వంకే చూస్తోంది.

వీరవేణికి ఒళ్లు మండిపోయింది.

“ఏంటండీ ఆ ఎగతాళి? మాటలు రాని పిల్లంటే ఆటగా ఉందా? ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదూ?”

ఆయన ఏదో చెప్పబోయాడు. చెప్పలేక తల దించుకున్నాడు. చేతికర్ర అందుకుని మెల్లగా మెట్లు దిగాడు.

వీరవేణి పిల్లను రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

“బాతేది తల్లీ?” అడిగింది మేడం.

రమ్యశ్రీ చెయ్యి విడిపించుకుని వరండాలో బల్ల వైపు చూపించింది.

“కిం... ద.”

బాతు నిజంగానే బల్ల కింద ఉంది. వీరవేణికి ఏడుపొచ్చేసింది. పిల్లను గట్టిగా వాటేసుకుంది.

“ఇలా ఆపి ఆపి నేను నేర్పలేదే” అంది మేడం. “జీవరాజు గారితో గానీ ఆడుకుందా?”

“ఎవరండీ ఆయన?”

“మీ తర్వాత వంతు ఆయనదే. పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. పాపం, ఆయనా మీద, కింద దగ్గర్నుంచే నేర్చుకుంటున్నారు. సిగ్గుతో నా ముందు ఒక్క మాటా అనరు.”

వీరవేణి గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద ఆయన లేడు.

తిరిగొచ్చి జరిగింది చెప్పింది.

“ఇంక రారమ్మా ఆయన” అంది మేడం. “మీకూ ఆ గొంతు తెలిసే ఉంటుంది, బస్టాండు మైకులో ఇన్నాళ్లూ బస్సులు చెప్పింది ఆయనే.”