ఆది లేని గౌను

“అత్తయ్యా, ఇది ఎవరి గౌను?”

మిషను చప్పుడు ఆగలేదు. “కుచ్చులు సమంగా పడ్డాయో లేదో చూడు,” అంది అత్తగారు.

“పడ్డాయి. ఇంతకీ ఎవరిది?”

“పాపది.”

పాపదని కోడలికీ తెలుసు. గులాబిరంగు, బుట్టచేతులు, వెనక రిబ్బను ఉన్న గౌను తాతగార్లకి కుట్టరుగా! ఏ పాపది అన్నదే ప్రశ్న.

వీధి గదే వాళ్ళ కుట్టుకొట్టు. తెల్లారితే క్రిస్మస్. కొత్తబట్టల కోసం జనం గుమ్మంలో నిలబడి నస పెడుతున్నారు. ఇంట్లోవాళ్ళ బట్టలకి ఇంకా కత్తెరే పడలేదు. అయినా అత్తగారు ఏటా పండగ ముందురోజు అన్నీ పక్కనపెట్టి కుట్టేది ఈ గౌనే. పోనీ ఆ ఇంట్లో ఆడపిల్ల ఉందా అంటే లేదు. చుట్టాల్లోనూ ఆ ఈడుది లేదు.

“మరి ఆది ఏది? కొలతకి పాత గౌనైనా ఇవ్వలేదా వాళ్ళు?”

“నా కళ్ళలో ఉందిలే. అంచు లోపల నాలుగు వేళ్ళు ఎక్కువ వదిలి మడువు. పెరిగే పిల్ల.”

పెరిగే పిల్ల! ఆ మాటకే కోడలి గుండెల్లో రాయి పడింది. తను కాపురానికొచ్చిన కొత్తలో ఈ గౌను మూరెడే ఉండేది. ఏటికేడాది పొడుగవుతోంది. అంటే ఎక్కడో ఓ పిల్ల ఈ ఇంటి గుడ్డ తొడుక్కుని ఏపుగా పెరుగుతోందన్నమాట.

కిందటేడు భోజనాల దగ్గర మొగుణ్ణే అడిగేసింది. ఆయన మొహం మాడిపోయింది. “ఆ ఊసు నా దగ్గర ఎత్తకు,” అని అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఏ తప్పూ చెయ్యని మగాడు అన్నం మీద అలుగుతాడా?

అది మొదలు ఆమె అన్నీ కనిపెట్టసాగింది. రోజూ సాయంత్రం ముగ్గురూ కలిసి ప్రార్థన చేస్తారు. క్షమాపణ మాట దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు పడిపోతుంది, పెదవులైనా కదలవు. సరిగ్గా అక్కడే అత్తగారు గొంతు పెంచుతుంది. ఇంకేం కావాలి! పాపం కొడుకుది, కప్పెట్టేది తల్లి. పెళ్ళికి ముందే ఆయనకి ఇంకో సంసారం ఉండి ఉంటుంది. కోడలికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇవాళ నిజం తేలకపోతే పెట్టె సర్దుకుని పుట్టింటికి పోవడమే అని గట్టిగా అనుకుంది.

“ఈసారి ఇవ్వడానికి నేనూ వస్తాను,” అంది మొండిగా.

అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూసింది. వద్దంటుందనే కోడలు అనుకుంది.

“చెప్పులేసుకో. ఎవరో ఒకరు నాతో వస్తారని ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నానో,” అంది ఆవిడ.

గుమ్మంలో ఒకామె లబోదిబోమంది. “మీరు వెళ్ళిపోతే మా పిల్లల గతేంటండీ? పాతవే కట్టుకోవాలా?”

“వచ్చి కుడతానమ్మా. ఇది ఇవ్వందే నాకు క్రిస్మస్ రాదు.”

రోడ్డెక్కాక కోడలు ఇక ఉండబట్టలేకపోయింది. “ఆయన బిడ్డేనా అత్తయ్యా?”

“ఎవరి బిడ్డ?”

“మీ అబ్బాయి బిడ్డ.”

అత్తగారు నడిరోడ్డు మీద పకపకా నవ్వింది. “వాడా! వాడి మొహానికి అంత సీను కూడానా! నీకు చెప్పకుండా చేతిరుమాలు కూడా కొనుక్కోలేడు.”

ఆ నవ్వులో దాపరికం లేదు. కోడలికి ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు కుతూహలమూ రెట్టింపయింది. “పోనీ, బావగారి బిడ్డా?”

భర్త అన్నని ఆమె ఫొటోలో చూడటమే. తను కాపురానికి రాకముందే పోయాడు; ఎలా పోయాడో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అత్తగారి నవ్వు ఆగిపోయింది. “వాడికి పెళ్ళెక్కడయిందే! పెళ్ళిచొక్కాకి నేను కాజాలు కుడుతుండగానే పోయాడు.” ఆవిడ సంచి చంకలో పెట్టుకుని నడక పెంచింది.

ఇరుకు సందులో ఒంటిగది ఇల్లు. తలుపు తీసిన పిల్ల తల్లి అత్తగారిని చూడగానే తల దించుకుని పక్కకి తప్పుకుంది. పిల్ల మాత్రం “బట్టల అమ్మమ్మా!” అని పరిగెత్తుకొచ్చి ఆవిడ నడుం వాటేసుకుంది. కోడలు ఆ ముక్కునీ చెవులనీ నవ్వునీ వెతికి వెతికి చూసింది. తమ ఇంటి పోలిక మచ్చుకైనా లేదు. గౌను మాత్రం అతికినట్టు సరిపోయింది.

“ఆది లేకుండా ఇంత బాగా ఎలా కుదిరిందత్తయ్యా?”

“చర్చిలో వీళ్ళ వెనక బెంచీలో కూర్చుంటాగా. ఏడాదంతా చూస్తూనే ఉంటాను.”

“మరి మీ అబ్బాయినీ తీసుకురావచ్చుగా?”

“ఏటా పిలుస్తాను. వాడి వల్ల కావడం లేదు. నాకు మాత్రం మొదట్లో అయిందా? ఈ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేదాన్ని. పశువుల పాకలో ప్రభువు పుట్టాడని పాట పాడటం తేలికే అమ్మాయ్. ఎవరి కోసం పుట్టాడో వాళ్ళింటికి రావడానికే కాళ్ళు రావు.”

కోడలికి సగమే అర్థమైంది. పిల్ల గిరగిరా తిరుగుతూ గౌను చూపించడానికి తల్లి దగ్గరికి పరిగెత్తింది. అత్తగారు ఖాళీ సంచి మడత పెడుతోంది.

“వాళ్ళ నాన్న కనపడడేం?”

“జైల్లో ఉన్నాడు.”

“అయ్యో! ఏం చేశాడు?”

“మా పెద్దవాణ్ణి చంపాడు.”