ఎండలో నిలబడ్డ కప్పపిల్ల

తుంగ మొలిచిన ఓ మడుగు పక్కన ఒకప్పుడు కొంగ మాస్టారి బడి ఉండేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎండలో నిలబడాలన్నది అక్కడి నియమం. ఉడుతపిల్లకు ఆ ఎండ ఒక లెక్క కాదు. కప్పపిల్లకు మాత్రం ఒళ్ళెండిపోయేది. ఒకరోజు అది నిలబడ్డచోటే సొమ్మసిల్లిపోయింది.

ఉడుతపిల్ల దాన్ని నీళ్ళలోకి చేర్చి, ఆ బడి పెట్టిన ముసలి తాబేలు దగ్గరికి పరిగెత్తింది.

"తాతా, ఎండలో నిలబెట్టమని నువ్వే చెప్పావా?"

"లేదమ్మా! ఆలస్యమైనా సరే, వచ్చినవాళ్ళను లోపల కూర్చోబెట్టమన్నాను. పాఠం వినడం మీ హక్కు."

ఉడుతపిల్ల భయపడుతూనే ఆ మాట మాస్టారికి చెప్పింది. కొంగ మాస్టారు కప్పపిల్ల ఉన్న మడుగు వైపు చూశారు.

"నన్నూ మా మాస్టారు ఎండలోనే నిలబెట్టేవారు. ఎందుకని అడగాలని నాకు తోచనేలేదు" అన్నారు. తర్వాత మడుగులోకి దిగి, కప్పపిల్లను తన రెక్క నీడన నడిపించుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు.

ఇప్పుడు ఆ బడీ లేదు, మాస్టారూ లేరు. ఉడుతకు మనవలు పుట్టారు. వాళ్ళు "ఎందుకు?" అని అడిగినప్పుడల్లా దానికి మాస్టారి మొహం కళ్ళ ముందు మెదులుతుంది. చేస్తున్న పని పక్కన పెట్టి, కూర్చుని జవాబు చెబుతుంది.