తిరగబెట్టిన జబ్బు

కత్తి దిగింది గానీ నెత్తురు రాలేదు.

చెరకు వరసల మధ్య వెల్లకిలా పడ్డ హిలాల్ రొమ్ము మీద మోకాలు అదిమిపెట్టి, రద్వాన్ కత్తిని పైకి లాగాడు. హిలాల్ వేసుకున్న పొడుగు జుబ్బా డొక్క దగ్గర చిరిగి తడిసిపోతోంది. ఆ తడి పసుపుపచ్చగా ఉంది. ఉచ్చ కంపు గుప్పుమంది.

"చావంటే అంత భయమా? అప్పుడే పోసుకున్నావు" అన్నాడు రద్వాన్ రొప్పుతూ.

"డొక్కలోంచి పోసుకుంటారట్రా ఎవరైనా?" అంటూ హిలాల్ పిడికిలి బిగించి అతని దవడ మీద గుద్దాడు.

రద్వాన్‌కి పన్ను ఊడింది. నెత్తురుతో సహా దాన్ని ఉమ్మేసి, హిలాల్ జుట్టు పట్టుకుని తల నేలకేసి బాదాడు. మళ్లీ బాదాడు. హిలాల్ చెవి చిట్లింది.

"మీ అన్న మా నాన్నని నమాజుకి వెళ్తుంటే కాల్చాడు. వాడు జైల్లో చచ్చి తప్పించుకున్నాడు. ఇక మిగిలింది నువ్వే."

"తండ్రి పగ పెద్దకొడుకు కదరా తీర్చుకోవాలి. మీ అన్న శాహీన్ ఏడి?"

"రోడ్డు మీద కాపలా ఉన్నాడు. నన్ను ఉరితీసినా పోయేదేం లేదు, అందుకే నేనొచ్చాను. నా ఉచ్చసంచిలో పాడు గడ్డలు. మూడుసార్లు గొట్టం పెట్టి గీకారు. మళ్లీ తిరగబెట్టింది. ఈ చలికాలం దాటనని డాక్టరు చెప్పాడు."

"నీతో చెప్పాడా?"

"మా అన్నతో చెప్పాడు. నేను మత్తులో ఉన్నాను." కత్తి హిలాల్ గొంతు మీదికి వచ్చింది. "చచ్చేముందు కలిమా చదువుకో."

హిలాల్ చదవలేదు. జుబ్బా పైకి లాక్కున్నాడు. బొడ్డు పక్కన చర్మానికి అతికించిన ప్లాస్టిక్ సంచి ఒకటి చీలి వేలాడుతోంది. దాని వెనక ఎర్రటి బుడిపె. అందులోంచి బొట్లు బొట్లుగా నీరు కారుతోంది. కత్తి సంచిని చీల్చి, తోలు మీద గీత పెట్టి ఆగిపోయింది.

రద్వాన్ కత్తి గొంతు మీదే ఉంచి వంగి చూశాడు. "ఏంటిది?"

"నాకూ నీ జబ్బే. గీకినప్పుడల్లా తిరగబెట్టేది. చివరికి ఉచ్చసంచి మొత్తం కోసి తీసేసి, పేగు ముక్కతో ఇలా బయటికి దారి పెట్టారు. తొమ్మిదేళ్లయింది. ఈ చెరకంతా ఆ తర్వాత నేను నాటిందే."

"తొమ్మిదేళ్లా?"

"అందరికీ కుదరదు. ముదరకముందే కోయించుకోవాలి. కోయించుకుని బతికినవాళ్లు నాకు కోసిన ఆసుపత్రి వరండాలో చాలామంది కనిపిస్తారు."

రద్వాన్‌కి తను చేసినవన్నీ గుర్తొచ్చాయి. పోయేవాడికెందుకని గేదెను అన్నకిచ్చేశాడు. పొలం కూడా దున్నకుండా వదిలేశాడు. పెళ్లాన్ని పుట్టింటికి పొమ్మన్నాడు. కత్తి పట్టిన చెయ్యి మెల్లగా కిందికి జారింది.

"మరి ఆ డాక్టరు ఈ మాట మా అన్నకి ఎందుకు చెప్పలేదు?"

హిలాల్ చీలిన సంచిని చేత్తో అదిమిపట్టాడు. "చెప్పడమేంటి, చూపించాడు కూడా. నువ్వు మత్తులో ఉన్న రోజే నేనూ అదే డాక్టరు దగ్గరికి పరీక్షకి వెళ్లాను. డాక్టరు నన్ను లోపలికి పిలిచి, జుబ్బా ఎత్తించి మరీ మీ అన్నకి ఈ సంచి చూపించాడు. ఇప్పుడే కోయిస్తే మీ తమ్ముడూ ఇలాగే బతకొచ్చు అన్నాడు. మీ అన్న నా మొహం గుర్తుపట్టాడు. మారు మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు."

చెరకాకులు గరగరలాడాయి. వాటిని రెండు చేతులతో తప్పించుకుంటూ శాహీన్ లోపలికి వచ్చాడు.

"వాడితో నీకు మాటలేంట్రా? తొందరగా కానియ్" అన్నాడు.

రద్వాన్ కత్తి బిగించి లేచి, అన్నవైపు తిరిగి, కానిచ్చాడు.