ఊపిరి పీల్చిన శవం

"ఇదేం సినిమా, బిక్షం? శవం ఊపిరి పీలుస్తున్నది!"

దావీదు సారు క్యాసెట్‌ను వీడియో షాపు బల్ల మీద టపీమని పెట్టాడు. "పొట్ట లేస్తున్నది, దిగుతున్నది. లెక్కపెట్టిన. తొమ్మిదిసార్లు!"

బిక్షం పకపకా నవ్వాడు. "థియేటర్ల ఆడే బొమ్మనా సారూ? క్యాసెట్ల కోసమే వాడపల్లి కాడ నాలుగు రోజులల్ల సుట్టేసిన్రు."

"హంతకుడెవడో మొదట్లనే తెల్సిపాయె."

"మరి ఆఖరుదాక ఎందుకు సూసిన్రు?"

"ఇడిసిపెట్ట బుద్ధయితదా? గసొంటిదే ఇంకోటియ్యి."

అంతలో సత్తెమ్మ లోపలికొచ్చింది. కాళ్లకు నాట్లేసిన పొలం బురద ఇంకా ఆరలేదు. "బిడ్డా, ఆ ఏటి కాడిది జర పెట్టు."

బిక్షం సారుకు కన్నుగీటాడు. "ఈమెకు గూడ మీ లెక్కనే క్రైం పిచ్చి. వారానికోసారి వస్తది. శవం కనవడంగనే సూసి పోతది. హంతకుడెవడో గూడ అడగదు."

సారు తెచ్చిన క్యాసెట్‌నే బిక్షం పెట్టాడు. షాపు టీవీలో ఏటి ఒడ్డు కనబడింది. ఇసుకలో శవం వెల్లకిలా పడి ఉంది.

"పొట్ట సూడమ్మా!" దావీదు సారు నవ్వాపుకోలేకపోయాడు. "తొమ్మిదిసార్లు లేస్తది."

సత్తెమ్మ కళ్లు తిప్పలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. తెర మీదికి పోలీసు జీపు వచ్చాక గానీ మాట్లాడలేదు.

"పదకొండు సారూ. ఆఖరు రెండు మెల్లగ పీలుస్తడు."

"నీకెట్ల తెలుసు?"

"శవం లెక్క పన్నది నా కొడుకు ఇస్తారే. పోయిన వానకాలం పాము కరిచి నిజంగనే పోయిండు."

బిక్షం నవ్వు ఆగిపోయింది.

దావీదు సారు స్టూలు జరుపుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"నేను సరిగ్గ లెక్కపెట్టలే, బిక్షం. మల్లొకసారి పెట్టు."