దొరసాని పిల్లలు

"చంపావు కదరా! దాన్ని నీ చేతులారా చంపుకున్నావు కదరా!"

విత్తనాల గోదాము గుమ్మంలోనే అందుకుంది అక్క. బస్తా మూతి కుడుతున్న తమ్ముడి చేతిలో దబ్బనం అలాగే ఉండిపోయింది. అక్క వెనకాలే కారు దిగి వచ్చాడు బావ. ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఎవర్ని చంపానే?"

"దొరసానిని!"

దొరసాని అంటే మనిషి కాదు, తెల్ల గుడ్లగూబ. పొలాల్లో, గోదాముల్లో ఎలుకల మందు మానిపించి ఆ పని గుడ్లగూబలకి అప్పగించాలన్నది అక్క చేస్తున్న పరిశోధన. మొదటి గూటిపెట్టెకి చోటిచ్చింది తమ్ముడే. గోదాము కప్పు కింద ఆ పెట్టెలోనే దొరసాని కాపురం పెట్టి, గుడ్లు పొదిగి పిల్లల్ని చేసింది. నిన్న పొద్దున కాలవ గట్టు మీద చచ్చి పడి ఉంది.

"మందు తిన్న ఎలుకని తిని చచ్చింది. నెత్తురు గడ్డకట్టక, లోపల్లోపలే కారిపోయి చచ్చింది. మీ బావే ఆస్పత్రి ల్యాబులో పరీక్ష చేశారు. చెప్పండి, మీ నోటితో మీరే చెప్పండి!"

బావ గొంతు సవరించుకున్నాడు. "గుండె జబ్బు వాళ్లకి నెత్తురు పలచబడటానికి మందు ఇస్తామే, దానికి ఈ ఎలుకల మందు అన్నయ్య లాంటిది. అయితే అసలు సంగతేంటంటే..."

"విన్నావా?" అంటూ అక్క మళ్లీ తమ్ముడి మీద పడింది. ఆయన్ని చెప్పమన్నదీ ఆవిడే, చెప్పనివ్వనిదీ ఆవిడే!

"విన్నాను. అయితే నాకేంటి? నీకు మాటిచ్చిన దగ్గర్నుంచీ ఈ గోదాములో మందు అన్నది పెట్టలేదు."

"మరెవరు పెట్టార్రా, నేనా? ఈ చుట్టుపక్కల ఎలుకలకి భయపడేవాడివి నువ్వు కాక ఇంకెవడున్నాడు?"

"దానికి రెక్కలున్నాయే తల్లీ. కాలవకి ఇటూ తిరుగుతుంది, అటూ తిరుగుతుంది. ఎక్కడ తిందో నాకేం తెలుసు?"

అక్క వినే స్థితిలో లేదు. రేకు డబ్బాలు దొర్లించింది. పాత గోనెలు దులిపింది. బస్తాల సందుల్లో చెయ్యి పెట్టి దేవింది. ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే అంత కోపం వచ్చేది కాదేమో గానీ, దొరక్కపోయేసరికి ఆవిడకి పిచ్చెక్కింది.

"ముందే సర్దేశావన్నమాట!"

దాంతో తమ్ముడికి ఒళ్లు మండింది. మూలనున్న బస్తా ఒకటి లాక్కొచ్చి అక్క ముందు కుదేశాడు. చిల్లుల్లోంచి విత్తనాలు జలజలా కారాయి.

"చూడు! కళ్లు తెరుచుకుని చూడు! నీ దొరసాని కుదురుకునేదాకా ఎలుకలు నా సరుకు కొరుక్కు తింటుంటే, నీ మొహం చూసి పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ రోజూ అంటూనే ఉంది, 'మీ అక్కకి పిట్టలే గానీ తమ్ముడు కనపడడు' అని. కాదు పొమ్మన్నాను. నాకే బుద్ధి లేదు."

"ఇదిగో, మీరిద్దరూ ఒక్క నిమిషం నా మాట..."

"మీరుండండి! ఎప్పుడూ వాణ్ణి వెనకేసుకు రావడమే మీకు పని."

బావ ఉండిపోయాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఉంటూనే ఉన్నాడు పాపం.

"నిచ్చెన వెయ్యి. పిల్లల్ని తీసుకుపోతాను," అంది అక్క.

తమ్ముడి గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "వాటినెందుకే? తండ్రి పక్షి ఉందిగా. అది తెచ్చింది చాలకపోతే నేను చూసుకుంటాను."

"తల్లిని చంపినవాడి దగ్గర పిల్లల్ని వదిలిపెట్టమంటావా?"

తమ్ముడు నిచ్చెన వేసి తనే ఎక్కాడు. తెల్లటి నూగుతో ఉన్న పిల్లల్ని ఒక్కొక్కటిగా దించి బుట్టలో పెట్టాడు. ఆఖరిది గోళ్లతో వేలు పట్టుకుని వదలనంది. మెల్లిగా విడిపించుకున్నాడు. మళ్లీ పైకెళ్లి, మేకులు పీకి, పెట్టెని కూడా తెచ్చి అక్క కాళ్ల దగ్గర పడేశాడు.

"ఇదీ పట్టుకుపో. ఇవాళ్టినుంచి నాకు అక్క లేదు."

"నాకూ తమ్ముడు లేడు. పీడా పోయింది!"

అనడమైతే అంది గానీ, కారెక్కి బుట్ట ఒళ్లో పెట్టుకున్నాక ఆవిడ గోదాము వైపే తిరిగి చూసింది. గోదాము తలుపు దభాల్న మూసుకుంది. బావ పెట్టెని వెనక సీట్లో పడేసి వచ్చి కారు తాళం తిప్పాడు, బండి మాత్రం కదల్చలేదు.

"ఎక్కడికి?" అన్నాడు.

"ఎక్కడికేంటండీ, కాలవ దాటి మనింటికే! పెట్టెని పెరట్లో స్టోరు గది గోడకి కొట్టండి. రెక్కలొచ్చేదాకా నా చేత్తోనే మేపుతాను. ఆ తర్వాత మన పెరట్లో ఎలుకల్ని పట్టుకుంటూ అక్కడే వేట నేర్చుకుంటాయి. కనీసం మనింట్లో వీటికి విషం భయం ఉండదు."

బుట్టలో పిల్లలు ఆకలికి బుస్సు బుస్సుమంటున్నాయి. బావ వాటి వంక చూశాడు.

"ఇంటికి వద్దు."

"ఏం? ఎందుకు వద్దు?"

"నువ్వు రాత్రిళ్లు పొలాల్లో ఉంటావు, నీకు తెలీదు. స్టోరు గదిలో నీ పరిశోధన కాగితాలు ఎలుకలు కొరికేస్తుంటే చూడలేక... మందు పెట్టింది నేనే."