పొగ వైపు దారి

సాయంత్రమైతే వాకీటాకీ పలికేది. రోజు మొత్తంలో ఆయనకు వినబడే మనిషి గొంతు అదొక్కటే.

“ఏం బాబాయ్, తిన్నావా?”

“తిన్నానమ్మా. నువ్వు?”

అడిగేది కావలి టవర్ మీది అమ్మాయి. అడవిలో ఎక్కడ పొగ లేచినా ముందుగా చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆయన తేనెటీగలు పెంచుతాడు. పూలు పూసే కాలంలో పెట్టెలు తెచ్చి అడవిలో దించి, పక్కనే డేరా వేసుకుంటాడు. ఒంటరిగా ఉండేవాళ్ళకు అటవీశాఖవాళ్ళు తలా ఒక వాకీటాకీ ఇచ్చారు. అలా కలిసిన గొంతులే తప్ప, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కిందటేడు దాకా ఆ డేరాలో ఇద్దరుండేవారు. భార్య పోయాక ఆయన ఈగలతో మాట్లాడటం నేర్చుకున్నాడు. వంట మాత్రం ఇప్పటికీ ఇద్దరికి సరిపడా చేసేవాడు. మిగిలింది మర్నాడు తింటూ దేవుణ్ణి నాలుగు తిట్టుకునేవాడు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక ఆమెనే అడిగేశాడు.

“పైనున్నాయనకి అన్నీ కనబడతాయంటావు కదా. మరి మీ పిన్ని ఏం పాపం చేసిందని తీసుకుపోయాడు?”

వాకీటాకీ గరగరలోంచి ఆమె గొంతు వచ్చింది.

“తెలీదు బాబాయ్. నేనున్న ఎత్తు నుంచి అది కనబడదు.”

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. కానీ తెలీదన్నందుకు ఆ పిల్ల నచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ అన్నీ తెలుసు మరి.

మంట రేగిన రోజు గాలి పొద్దున్నించీ పిచ్చెత్తినట్టు వీస్తోంది. మధ్యాహ్నానికి ఎండ ఎర్రబడింది. ఎదురుగా పొగ గోడలా లేచి వస్తోంది.

ఆయన పెట్టెల మూతలన్నీ తీసేశాడు.

“పోండమ్మా, మీ దారి మీరు చూసుకోండి” అన్నాడు ఈగలతో. “పొమ్మనలేక పొగబెట్టాడు మనకి.”

వాకీటాకీ నొక్కాడు. “అమ్మాయ్! నేను వాగులోకి దిగిపోతున్నాను.”

వాకీటాకీ చెవికి ఆనించుకుని విన్నాడు. మళ్ళీ నొక్కాడు.

“అమ్మాయ్, ఉన్నావా? నువ్వూ దిగిపోయావా?”

“ఇక్కడే ఉన్నాను.” దగ్గు. మళ్ళీ మౌనం. ఆ తర్వాత నెమ్మదిగా, “వాగు వద్దు బాబాయ్. పొగ వైపే నడు.”

“మతి ఉండే మాట్లాడుతున్నావా? చూస్తూ చూస్తూ మంటలోకి వెళ్ళమంటావా?”

“కిందనుంచి నీకు కనబడదు. పైనుంచి కనబడుతుంది. నడు.”

ఆయన వాగు వైపు చూశాడు. పచ్చగా, చల్లగా, రమ్మని పిలుస్తున్నట్టే ఉంది. పొగ వైపు చూశాడు. తను చస్తే ఏడ్చేవాళ్ళెవరూ లేరని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాడు. అయినా ప్రాణం ఎంత తీపో ఇప్పుడు తెలిసింది.

“నిజంగా అంతా కనబడుతుందా?”

“పైనుంచి కనబడనిది లేదు బాబాయ్.”

దుప్పటి తడిపి తలమీదుగా కప్పుకుని నడిచాడు. కళ్ళు మండి మూసుకుపోయాయి. ఇక ఆమె గొంతే చేతికర్ర. “ఆగు” అంది. ఆగాడు. “ఎడమకి” అంది. తిరిగాడు. ప్రతి మాటకీ ముందు కాసేపు మౌనం. దుర్భిణిలో వెతుకుతోంది కాబోలు అనుకున్నాడు. ఒకచోట వేడికి కనుబొమలు చురుక్కున కమిలాయి.

“ఇక నావల్ల కాదు తల్లీ!”

“ఇంకొంచెం బాబాయ్. ఇంకొంచెమే.”

గడ్డిమంట మోకాలెత్తున అడ్డొచ్చింది. ఒక్క దూకు దూకి అవతల పడ్డాడు.

అవతల నేలంతా నల్లగా ఉంది. కాలాల్సింది కాలిపోయి, మంటకు తినడానికేమీ మిగలని నేల. బూడిదలో కూలబడి వెనక్కి తిరిగి చూశాడు. గాలి మళ్ళింది. వాగు గట్లు రెండూ ఒక్కసారే భగ్గుమన్నాయి.

ఆయన ఏడ్చాడు. భార్య పోయిన రోజు రాని ఏడుపు అది.

మంటలు ఆరాక టవర్ వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయాసపడుతూ మెట్లెక్కాడు. పైన చిన్న గది. ఎర్రగా వాచిన కళ్ళతో ఆమె లేచి నిలబడింది. ఆయన ఊహించుకున్నదానికంటే పెద్దది, తల సగం నెరిసింది.

“అమ్మాయివి నువ్వేనా?”

“బాబాయివి నువ్వేనా?”

ఇద్దరూ నవ్వారు. అంతటితో మాటలు అయిపోయాయి. రోజూ మాట్లాడుకునేవాళ్ళే, ఎదురుపడితే కొత్తయిపోయారు. చివరికి ఆయనే గొంతు సవరించుకున్నాడు.

“మీ పిన్ని పోయాక నేనెవర్నీ నమ్మలేదమ్మా. నీ కళ్ళని నమ్మాను. నన్ను ఏ కిటికీలోంచి చూశావో ఒకసారి చూపించు.”

ఆమె తల వంచుకుంది.

“ఆ రోజు టవరంతా పొగే బాబాయ్, నాకు నా చెయ్యి కూడా కనబడలేదు; పైనున్నాయన్ని అడిగి నీకు చెప్పాను.”