మారినంత మేరకే

“ఈ సాఫ్ట్‌వేర్ రాసినాయన్నే పంపండి. ఇంకెవరొచ్చినా గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేస్తాను.”

కర్టెన్ గుడ్డల కంపెనీ నుంచి డిజైన్ల మేడమ్ చేసిన ఫోను అది. అరగంటలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఊడిపడ్డాడు.

గుమ్మంలోనే కొత్తగా చేరిన అకౌంటెంటు ఆయన చెవిలో ఊదాడు. “జాగ్రత్త సార్. వారం నుంచి మేడమ్‌కి ముక్కు మీదే కోపం. ఎవరు పలకరించినా కస్సుమంటున్నారు.”

“అలాగా,” అన్నాడు ఇంజనీరు, చెమట తుడుచుకుంటూ.

మేడమ్ తలెత్తలేదు. మౌస్ చక్రం తిప్పి చూపించింది. తెర నిండా పూలూ, తీగలూ, చారలూ. వేలకొద్దీ డిజైన్ల బొమ్మలు కాళ్లీడ్చుకుంటూ కదులుతున్నాయి. ఆగినచోటల్లా తెర తెల్లబోతోంది. తర్వాత ఒక్కో బొమ్మా తీరిగ్గా తేలుతోంది.

“మీరు పోయిన వారం పెట్టిన కొత్త వెర్షన్ నిర్వాకం ఇది. మధ్యాహ్నం హోటల్ వాళ్లొస్తున్నారు. హోటలంతటికీ కర్టెన్లు కావాలిట. వాళ్ల ముందు ఇలా నీలిగితే ఆర్డరు గోవిందా.”

“చూస్తానండీ.”

ఆమె కుర్చీ వదల్లేదు. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. విండో చిన్నది చేసి చక్రం తిప్పాడు. కాస్త నయం. బొమ్మల కింది నీడలు తీసేశాడు. ఇంకా నయం. దొంగ దొరికాడు.

“ఏమైందట?”

“ఒక వరస పైకి జరిగితే, కింద కొత్తగా వచ్చిన వరస గీస్తే చాలు. ఇది ప్రతిసారీ తెరంతా తుడిచేసి మొదట్నుంచీ గీస్తోంది. నీడలతో సహా.”

“అంతేలెండి. చిన్న విషయానికి కూడా పాతవన్నీ మొదట్నుంచీ తవ్విపోసుకోవడం కొందరికి సరదా.”

“రాసింది నేనే కదండీ. నా బుద్ధే వచ్చింది దానికి.”

పక్క బల్ల దగ్గర అకౌంటెంటు రాయడం ఆపేశాడు.

“అసలా నీడలు పెట్టమని ఎవరడిగారు?”

“ఎవరూ అడగలేదు. బాగుంటుందనుకుని పెట్టేశాను.”

“ఒక్క మాట ముందు చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“రాలవు. తప్పు నాదే. ఇకమీద అడిగే చేస్తాను.”

సాఫ్ట్‌వేర్ వాళ్లు తప్పు ఒప్పుకోవడం అకౌంటెంటు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మేడమ్ కూడా ఇదివరకెన్నడూ విన్నట్టు లేదు. మొదటిసారి తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది.

భోజనాల వేళకి పని పూర్తయింది. మారినంత మేరకే తెర గీసుకుంటోంది. చక్రం తిప్పితే డిజైన్లు నూనె రాసినట్టు జారుతున్నాయి. హోటల్ వాళ్లు వచ్చి, ముచ్చటపడి, బూడిదరంగు తీగల డిజైను ఖాయం చేసుకుని వెళ్లారు. మళ్లీ ఏమైనా మొరాయిస్తుందేమోనని ఇంజనీరు సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. మేడమ్ పొమ్మనలేదు. ఒకసారి కాఫీ కూడా తెప్పించింది.

“బతికిపోయారు సార్! ఆవిడ మనసు మారకముందే జారుకోండి,” అని గొణిగాడు అకౌంటెంటు.

ఇంజనీరు గబగబా బయటికొచ్చి స్కూటరు తీశాడు.

వెనకాలే వచ్చిన మేడమ్, “దార్లో మా అమ్మావాళ్లింటి దగ్గర ఒక్క నిమిషం ఆపండి, నా సూట్‌కేసు తెచ్చేసుకుంటాను,” అంది మొగుడితో.